మా శ్రోతల సంఘం

నార్కట్‌పల్లి చౌరస్తాలో, బస్సులు ఆగే చోటికి ఎదురుగా నాకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. ఎనభైల చివరి మాట. ఒక కిరాయి గది, దాని ముందు రేకుల పందిరి. బాగుచేసిన రేడియోను కాసేపు మోగించి గానీ ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఆదివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. ఆ వేళకు వచ్చినవాళ్లు రేడియో చేతికి అందినా లేచేవారు కాదు. వాళ్ల కోసం గోనెసంచులు పరిచేవాణ్ణి. పాట అయ్యాక ఆ గొంతు ఎవరిది, ఆ బాణీ ఎవరిది అని పోట్లాడుకునేవాళ్లం.

ఇంత పాటల పిచ్చి ఉన్నవాళ్లు చుట్టుపక్కల నలుగురైదుగురే ఉంటారనుకున్నాను. రామన్నపేట నుంచి మగ్గం నేసే ఒక పెద్దమనిషి వచ్చాడు. మరుసటి వారం బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. మసీదు వెనక బట్టలు కుట్టే ముస్లిం అక్క అత్తగారితో వచ్చి లోపల స్టూలు మీద కూర్చునేది. నేనెవరినీ పిలవలేదు, గోడల మీద రాయలేదు. ఎవరికి ఏ పాట ఇష్టమో గుర్తుపెట్టుకునేవాణ్ణి, ఆ పాట కోరుతూ రేడియో కేంద్రానికి వాళ్ల పేరుతో, ఊరుపేరుతో కార్డు వేయించేవాణ్ణి. అంతే. రేడియోలో తన పేరు విన్న మనిషి ఊరంతా చెప్పుకునేవాడు. ఆ ఊరి నుంచి ఇంకొకరు బస్సు దిగేవారు. పందిరి చాలక జనం రోడ్డు అంచుదాకా కూర్చోసాగారు.

కార్డుల కింద ‘శ్రోతల సంఘం, నార్కట్‌పల్లి’ అని రాయడం మొదలుపెట్టాం. ఆ మాట మొదటిసారి రేడియోలో వచ్చినప్పుడు మా బాపు అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

“సంఘం అని ఎందుకు పెట్టిన్రురా?”

“పాటలు వినేటోళ్ల సంఘమే గద బాపు.”

“గా మాట జీపులల్ల తిరిగేటోళ్ల చెవుల పడితే, ఏం సంఘమని అడగరు. తీసెయ్.”

అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు పల్లెలు గాలిస్తున్న రోజులవి. సంఘం అంటే ఊళ్లలో ఒకటే అర్థం, అన్నల సంఘమని. అది నాకూ తెలుసు. మనది పాటల గోల, మన జోలికి ఎవరొస్తారులే అనుకుని ఆ పేరు అలాగే ఉంచాను.

ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి చిన్న రేడియో పట్టుకొచ్చాడు. విప్పి చూశాను.

“దీంట్ల ఏం ఖరాబు లేదన్నా.”

“అవునా? అయితే జర సేపు కూసుంట” అని నవ్వి, అందరికీ చాయ్ చెప్పాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చాడు. మంచిగా మాట్లాడేవాడు. మీదే ఊరు, ఎవరితో వచ్చిన్రు, ఫలానా ఆయన ఈ వారం రాలేదేం అని అడిగేవాడు. ఒక్కనాడూ ఫలానా పాట కావాలని కోరలేదు. రామన్నపేట పెద్దమనిషి నన్ను గదిలోకి పిలిచి చెవిలో అన్నాడు:

“తమ్మీ, ఆయన పాటలు వింటలేడు. మనల్ని వింటున్నడు.”

అయినా రావొద్దని ఏ నోటితో చెప్పను?

చిట్యాల వైపు పల్లె నుంచి ఒక యువకుడు మా దగ్గరికి వచ్చేవాడు. తండ్రితో గొడవపడి చెప్పకుండా ఇల్లు వదిలిపోయాడని, చాలా రోజులుగా జాడ లేదని విన్నాం. ఒక ఆదివారం రేడియోలో అతని పేరు, ఊరు, మా సంఘం పేరు వరుసగా వినిపించాయి. అది ఎప్పుడో వేసిన కార్డు. కార్డు వేసిన కొన్ని నెలలకు గానీ వంతు వచ్చేది కాదు. పాట మొదలవకముందే ఇస్త్రీ చొక్కా మనిషి లేచి వెళ్లిపోయాడు.

రెండు రోజులకు ఆ యువకుడి తల్లి ఏడ్చుకుంటూ దుకాణానికి వచ్చింది.

“ఇంటాయనను జీపుల ఎక్కించుకపోయిన్రు బిడ్డా. కొడుకు అడవిల అన్నలతోని కలిసిండంట, రేడియోల పేరొచ్చిందంటే ఈడనే యాడనో ఉన్నడంట. నీకేమన్న ఎర్కనా?”

నేను జవాబు చెప్పేలోపే నాకోసం కూడా మనుషులు వచ్చారు.

ఠాణాలో ఇస్త్రీ చొక్కా మనిషి ఒక మూల కూర్చుని ఉన్నాడు. “వచ్చినవా” అని ఎప్పటిలాగే పలకరించాడు. ఎస్సై నన్ను నిలబెట్టి అడిగాడు.

“మైకు లేదు, పోస్టర్ లేదు. ఎవ్వరు చెప్పకుంట గింతమంది ఎట్ల జమైతున్నరు?”

“పాటల కోసం సార్. ఒకరిని చూసి ఒకరు వచ్చిన్రు.”

“అందరు గట్లనే చెప్తరు. నీ ఎనుక ఎవరున్నరు?”

కార్డు పాతదని చెప్పాను. నమ్మలేదు. అడిగిందే అడిగారు. పొద్దు గూకుతుండగా మా బాపు వచ్చి, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడితే వదిలారు. యువకుడి తండ్రి మరికొన్నాళ్లకు ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఆయన కుడి చెయ్యి భుజం పైకి లేవలేదు.

మొదట దూరపు ఊళ్లవాళ్లు మానేశారు, తర్వాత చౌరస్తావాళ్లు. కుట్టుపని అక్క దారిలో ఎదురైనా తల తిప్పుకునేది. కానీ మేం అంతకుముందే వేసిన కార్డులు రేడియో కేంద్రంలో ఉన్నాయి. ఖాళీ పందిరి కింద ప్రతి ఆదివారం ఎవరో ఒకరి పేరు వస్తూనే ఉంది. తమ పేరు విన్నవాళ్ల ఇంట్లో జీపు వస్తుందన్న భయంతో ఆ రాత్రి పొయ్యి వెలిగేది కాదు. ఒక ఇల్లాలు వచ్చి, “మా ఆయన పేరు ఆపు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత” అంది. ఎట్లా ఆపను? రేడియో కట్టేస్తే ఎవరి పేరు వచ్చిందో తెలియదు, పెడితే వినాలి. పెట్టుకునే కూర్చున్నాను.

మరుసటేడు ఆ యువకుడు బొంబాయి నుంచి తిరిగొచ్చాడు. అక్కడ మేస్త్రీ పనిలో ఉన్నాడట. అప్పటికి నేను నార్కట్‌పల్లిలో దుకాణం ఎత్తేసి భువనగిరి వెళ్లడానికి సామాన్లు కడుతున్నాను. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి అడిగాడు.

“అన్నా, మా నాయిన చెయ్యి గట్లెందుకైంది? ఇంట్ల ఎవ్వరు చెప్తలేరు.”

కూర్చోమని స్టూలు జరిపాను. అతను కూర్చోలేదు.