సూది మొన కోసం ఖాళీ అయిన గది

ఓనరాంటీ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మిషన్ మీదే ఉన్నాను. దమ్మాయిగూడలో మా ఇంటి ముందుగదిలో ఎవరిదో లంగా అంచు కుడుతున్నాను. ఫోన్ చేసింది ఆమె కోడలు. "అక్కా, అత్తమ్మ పొద్దుగాల పోయింది. నిద్రలనే పోయింది" అంది. కాలు పెడల్ మీదే ఆగిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నేను చేసిన పని ఏమిటంటే, వంగి సూదికి మొన ఉందా లేదా అని చూసుకోవడం. నన్ను ఇంత పిరికిదాన్ని చేసి వెళ్లిపోయింది ఆ మహాతల్లి. కాదు, అబద్ధం. పిరికితనం నాదే. ఆమె దాన్ని కడుపులో పెట్టుకుని కాపాడింది.

నాచారంలో వాళ్లింటి వెనక పోర్షన్‌లో ఆరేళ్లు అద్దెకున్నాం. ఓనరమ్మ కాబట్టి ఓనరాంటీ. పెళ్లయి జనగామ వైపు నుంచి కొత్తగా వచ్చిన నేను, మా ఆయన షిఫ్టుకు పోతే గుమ్మంలో ఊరికే కూర్చునేదాన్ని. ఒకరోజు ఆంటీ తన కుట్టుగది కిటికీలోంచి కేకేసింది. "ఏం పిల్లా, గోడలు సూస్తే పైసలొస్తయా? రా, మిషన్ తొక్కు." అలా మొదలైంది నా చదువు.

ఆమె ఒకప్పుడు బట్టల కంపెనీలో పనిచేసింది. అక్కడ మిషన్‌లో సూది విరిగితే, ముక్కలన్నీ దొరికేదాకా ఆ మిషన్ కదలకూడదు. ముక్కలు కలిపి కాగితం మీద టేపుతో అంటించి చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ఆ పద్ధతిని ఆంటీ ఇంటికి తెచ్చుకుంది. పాత నోటుబుక్కు నిండా విరిగిన సూదులే, ప్రతి సూదీ మొనతో సహా. "సూది ఇరుగుడు తప్పు గాదు బిడ్డా. ముక్క దొరకకముందే ఇంకో సూది పెట్టుడు తప్పు" అనేది. నేను తల ఊపేదాన్ని. తల ఊపడానికేం పోయింది!

సూది విషయంలో అంత పట్టుదల గల మనిషి గది మాత్రం, దేవుడా, చూడాలి. సిమెంటు సంచుల నిండా కత్తిరింపు ముక్కలు. మంచం కింద పాత చీరల మూటలు. స్వీటు డబ్బాల్లో హుక్కులు, గుండీలు, జిప్పులు అన్నీ కలిసిపోయి ఉండేవి. కొలతకని ఇచ్చిన జాకెట్లు మేకులకు వేలాడుతూనే ఉండేవి, వాటి మనుషులు ఇల్లు మారి ఘట్‌కేసర్ పోయినా సరే. "ఇందులో మనిషి తప్పిపోతే దొరకడు ఆంటీ" అంటే, "నువ్వే తప్పిపోతవ్, బక్కదానివి" అని నవ్వేది. ఏదైనా పారేస్తానంటే మాత్రం నవ్వు ఆగిపోయేది. "ముట్టకు. ఎప్పుడన్న అక్కరకొస్తయ్."

ఒక శుక్రవారం ఆంటీ చర్చిలో ఉపవాస ప్రార్థనకు పోయింది. మల్కాజిగిరిలో ఉండే, వాళ్ల చర్చి సంఘానికి చెందిన అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు తొట్టెల ఫంక్షన్. పాప అమ్మమ్మ కట్టిన మెత్తటి నూలు చీరలు మడిచి, పసిదానికి చిన్న బొంత కుట్టడం ఆంటీ ఒప్పుకున్న పని. మధ్యభాగం తనే కుట్టి, అంచులు నాకు అప్పజెప్పింది. సాయంత్రం తీసుకుపోవడానికి మనిషి వస్తాడు. మూలమడత దగ్గర బట్ట మందంగా వచ్చింది. నేను ఆగకుండా తొక్కాను. టక్‌మంది. పై ముక్క మిషన్‌లోనే ఉంది. మొన లేదు.

వెతికాను, వెతకలేదని కాదు. నేల మీద చూశాను, బొంత దులిపాను. ఇంతలో ఆ మనిషి వచ్చి గేటు కొట్టాడు. ఆంటీకి తెలిస్తే ఇక మిషన్ ముట్టనివ్వదని భయం. ముక్క విప్పి పేలికల్లోకి విసిరి, కొత్త సూది పెట్టి, అంచు పూర్తిచేసి బొంత ఇచ్చేశాను. చదివేవాళ్లు నన్ను తిట్టుకోండి. నేను రోజూ తిట్టుకుంటాను.

పొద్దున ఆంటీ సూదుల పాకెట్ చూసింది. "ఒకటి తక్కువున్నది. ఇరిగిందా?"

"ఆ."

"ముక్కలేవి?"

"గీ గదిలనే యాడనో పడ్డయ్ ఆంటీ."

"ఏం గుడుతుంటే ఇరిగింది?"

"జాకెట్టు" అన్నాను.

ఆమె లేచింది. కొంగు దోపుకుని, దారానికి కట్టిన అయస్కాంతం పట్టుకుని మొదలుపెట్టింది. ఒక్కో సంచీ వాకిట్లోకి లాగి బోర్లించడం, ఒక్కో ముక్క దులపడం, అయస్కాంతం తిప్పడం. చూసినవి మళ్లీ లోపలికి రాకూడదు. ఇన్నేళ్లుగా నన్ను ముట్టనివ్వని పేలికలన్నీ గేటు బయటికి పోతున్నాయి. "ఇవన్ని ఉంచవట్టే గదా ముక్క దొరుకుతలేదు" అని తనను తానే తిట్టుకుంటోంది. నేను పక్కన కూర్చుని హుక్కులు ఒక డబ్బాలో, గుండీలు ఒక డబ్బాలో వేస్తున్నాను. పసిదాని వీపు కళ్లముందు ఆడుతోంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. నేను ఇంకో గుండీ తీసి డబ్బాలో వేశాను. సూది పై ముక్క దొరికినప్పుడు ఆంటీ మొహం వెలిగింది. "గిది దొరికింది, గది గూడ దొరుకుతది" అంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

మధ్యాహ్నానికి గదిలో మిషన్, మంచం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ గది నేల ఏ రంగో నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఆంటీ ఆ నేల మీద కూలబడింది. "గదిల లేదు. అంటే బట్టల వోయింది" అంది. నిన్న ఇంట్లోంచి బయటికి పోయిన బట్టలేవో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండో వేలు దగ్గర ఆగి నా వైపు చూసింది.

"బొంతనా?"

నేను ఏడ్చేశాను.

తిట్టలేదు. కొట్టినా బాగుండేది. వాళ్ల నంబరుకు ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. చెప్పులేసుకుని నా రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. మల్లాపూర్, మౌలాలి దాటేదాకా ఆమె పెదవులు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి. నాకు ఏ దేవుణ్ని పిలవాలో తోచలేదు.

వాళ్లింట్లో షామియానా, పాటలు. తొట్టెలలో పాప, పాప కింద మా బొంత. ఎందుకొచ్చామో తెలియక బాలింత నవ్వింది. "రాండ్రి ఆంటీ. రాత్రంత ఒకటే ఏడ్సుడు, ఎందుకో తెల్వది. జర ప్రార్థన జెయ్యుండ్రి" అంది. ఆంటీ ఎవరినీ అడక్కుండా పాపను ఎత్తి, చొక్కా విప్పి, ఒళ్లంతా చూసింది. "ఏం లేదు. ప్రభువా, ఏం లేదు" అంది. పాపను తల్లి చేతిలో పెట్టి, బొంతను వాకిట్లో ఎండలోకి తీసుకుపోయి కుట్లు ఊడదీసింది. మూలమడతలో రెండో పొర కింద దొరికింది మొన. బియ్యపు గింజంత లేదు.

బాలింత అత్తగారు మమ్మల్ని అందరి ముందూ నిలబెట్టి అడిగింది. "ఎవరి చెయ్యి గిది?"

"నాదే. నా చేతిల్నే ఇరిగింది. కండ్లు సరిగ గనవడలే" అంది ఆంటీ. నేను ఆమె వెనకే ఉన్నాను. ఊడదీసిన దారాలు ఏరుతూ తల వంచుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఎందుకలా అన్నావని అడిగాను. "నీ పేరు ఇప్పుడే మొదలైతుంది. ఇప్పుడే ఖరాబైతే నీకు బట్ట ఎవ్వరిస్తరు? నాకు ఏండ్ల పేరున్నది, జర తరిగినా నడుస్తది" అంది. జర కాదు, చాలానే తరిగింది. సంఘం వాళ్లు ఆమెకు బట్టలివ్వడం మానేశారు. ఆ తర్వాత ఆ గదిలో ఏ పేలికా వారం దాటి ఉండలేదు. ఒక్కొక్కరి బట్ట ఒక్కో సంచీలో, ఒక్కో మేకుకు. చూసినవాళ్లు ఎంత బాగా సర్దుకున్నావమ్మా అని మెచ్చుకునేవాళ్లు. ఆంటీ నవ్వి ఊరుకునేది. "భయపడు బిడ్డా, గని దాయకు" అని నాతో మాత్రం ఒకసారి అంది.

పోయినవారం జ్ఞాపకార్థ కూడిక జరిగింది. బంద్ రోజు. దమ్మాయిగూడ నుంచి సగం దూరం నడిచే వచ్చాను. ఆంటీ ఇంటి ముందు చాపలు పరిచారు. మల్కాజిగిరి ఆమె కూడా వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఆనాటి పాపే, ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల, రెండు జడలు. పిల్ల కూర్చోబోతుంటే తల్లి "ఆగు" అని, చాపను అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమింది. తర్వాతే కూర్చోనిచ్చింది. పక్కావిడతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే చేసింది. ఎనిమిదేళ్లుగా అలవాటైన చెయ్యి అది.

ఆంటీని ఎరిగినవాళ్లెవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరుగారు అన్నారు. నేను లేచాను. కుట్టు నేర్పింది, అన్నం పెట్టింది అని చెబుదామనే లేచాను. కళ్లు ఆ చాప మీదికి పోయాయి. భయం పోలేదు, అయినా చెప్పాను. సూది నా చేతిలో విరిగిందని, బొంతలో ఉంటుందని తెలిసీ ఇచ్చానని, ఆంటీ మోసిన నింద నాదని, మొత్తం చెప్పాను.

ఆ తల్లి నన్ను చూస్తూనే ఉంది. ఆ చూపులో ఏముందో చదివే ధైర్యం నాకు లేకపోయింది. పక్కన పిల్ల మాత్రం చెయ్యి వెనక్కి పెట్టి, అందినంత మేరా తన వీపు తడుముకుంటోంది.