ఎర్ర మూత సిరంజి

ఆవిడకు కోపం ముక్కు మీద ఉంటుందని వీధంతా అంటుంది. నిజానికి అది కుట్టుమిషను పెడలు కింద ఉంటుంది, కాలు పెట్టిందంటే మొదలు. ఇంటి ముందుగదిలోనే బట్టలు సరిచేసే దుకాణం. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చినవాళ్లు "రేపటికి కావాలండీ" అన్నారంటే అగ్గి మీద గుగ్గిలం వేసినట్టే. "ఇన్నాళ్లూ నేల ఊడుస్తూ తిరిగారుగా, ఇంకో రెండ్రోజులు ఊడిస్తే అరిగిపోతారా?" అని కసిరేది. కసిరి మర్నాటికే కుట్టి ఇచ్చేది. పని అంత శుభ్రంగా ఉంటుంది కాబట్టి జనం తిట్లు తిని మరీ వచ్చేవారు. వెనకాల మాత్రం చిటపటమ్మ అనేవారు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. దాని మీదా కోపమే.

మొగుడు లారీ తోలుతాడు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. అందుకని ఆయన వాటా తిట్లు ఫోనులో పడేవి. ఇంట్లో పడేవన్నీ మామగారికి, పిల్లికి.

మామగారు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. షుగరు పాతదే. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ తనే వేసుకుంటాడు, వేసుకుని దిండు కింద బిస్కెట్లు దాచుకుంటాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, చిటపటమ్మ పట్టేది. పక్క దులిపి, బిస్కెట్ల పొడి చేతిలో పోసుకుని చూపించేది. "ఇవేంటి మామయ్యా? చీమలకు పెళ్లి భోజనాలా?"

ఇక పిల్లి. పేరు బొద్దుగాడు. ఉన్నట్టుండి బక్కచిక్కడం మొదలుపెట్టాడు. బకెట్లో తల పెట్టి ఒకటే నీళ్లు తాగడం, ఇసుక తొట్టి తడిపి ముద్ద చేయడం. పశువుల డాక్టరమ్మ రక్తం చూసి షుగరు అంది. చిటపటమ్మ డాక్టరమ్మ మీదే లేచింది. "ఇంట్లో ఒకరు చాలరా? వీడికి బిస్కెట్లు ఎవరు పెట్టారు?" అని. నిజానికి వీడు పోతాడేమోనని ఆవిడ భయం. భయమేసినప్పుడు ఏం చేయాలో ఆవిడకు తెలియదు, అరవడమే తెలుసు.

మందు ఎలా వేయాలో మాత్రం ఒక్కసారి చూసి పట్టేసింది. సీసాను కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. వాడు తిన్నాకే వేయాలి. తినకపోతే తోచినట్టు వేయకుండా డాక్టరమ్మకు ఫోను చేయాలి. వేశామో లేదో అనుమానం వస్తే రెండోసారి వేయకూడదు. మెడ పక్కన తోలు గుడారంలా ఎత్తి, ఆ సందులో సూది దించాలి. ఇంతకాలం బట్టలోకి సూది దించిన చేయి కదా, బొద్దుగాడు గిన్నెలోంచి తల ఎత్తేవాడు కాదు.

చిక్కంతా ఫ్రిజ్‌లో. అందులో రెండు సీసాలు. మామగారి మందు చిక్కన, పిల్లి మందు పలచన. అందుకే సిరంజిలు కూడా వేరు. మామగారిది నారింజ రంగు మూత, పిల్లిది ఎర్ర మూత. దాని గీతలు దీనికి, దీని గీతలు దానికి సరిపడవు. ఎర్ర మూత సిరంజిలో రెండు గీతలు బొద్దుగాడి మోతాదు. ఈ సంగతి మామగారికి ఒకసారి చెబితే సరిపోయేది. ఆవిడ రోజూ చెప్పేది, అదీ పై కప్పు ఎగిరేలా. "కలిపారంటే చూడండి మామయ్యా! మీ సీసా మీది, వాడి సీసా వాడిది!" ఆయన తల ఊపేవాడు. ఆ గొంతు మొదలవగానే ఆయన చెవులు మూసుకుపోతాయని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

ఒక పొద్దున ఒక బడి నుంచి యూనిఫారాల కొలతలకు పిలుపు వచ్చింది. తెల్లారకుండానే బయల్దేరాలి. చిటపటమ్మ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "వాడు తిన్నాక వేయండి. ఎర్ర మూత. రెండు గీతలు. ఏదైనా తేడా వచ్చిందా, మీ పని చెబుతా" అని వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బొద్దుగాడు కత్తిరింపుల బల్ల కింద గుడ్డపీలికల్లో పడి ఉన్నాడు. పిలిస్తే లేచి, రెండడుగులు తూలి, గోడకు గుద్దుకున్నాడు. నోటి వెంట చొంగ. వెనక కాలు కొట్టుకుంటోంది.

"మామయ్యా! వీడు తిన్నాడా?"

"తిన్నాడమ్మా."

"రెండు గీతలేనా?"

"రెండే."

ఆవిడ అప్పటికే తేనె సీసా మూత తీసింది. వేలితో వాడి చిగుళ్లకు రాసింది, నోట్లో పోస్తే పొరబోతుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి. రాస్తూనే తిట్టింది. పిల్లిని తిట్టింది, బడిని తిట్టింది, ఫోను ఎత్తని మొగుణ్ని తిట్టింది. వాణ్ని తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కింది. మామగారు పిలవకుండానే పక్కన ఎక్కి కూర్చున్నాడు.

డాక్టరమ్మ చెవి కొసన చుక్క రక్తం తీసి చూసి, వెంటనే గ్లూకోజు ఎక్కించింది. "రెండు గీతలకు షుగరు ఇంత పడిపోకూడదే. ఎక్కువ పడిందేమో?"

"పడదండీ!" చిటపటమ్మ గొంతు లేచింది. "మా మామయ్యకు ఎన్నేళ్ల అలవాటో తెలుసా? రెండంటే రెండే వేస్తారు. మీ మందులోనే ఏదో ఉంది. కల్తీ సరుకు అంటగట్టి, మా చేతుల్ని అనుమానిస్తారా?"

"అదీ చూద్దాం. ఆ సీసా తెప్పించండి. ఏం పడిందో తెలియకపోతే వీణ్ని ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో నాకెలా తెలుస్తుంది? ఇప్పుడు లేచినట్టే లేచి మళ్లీ పడిపోతాడు."

"మామయ్యా, ఆటోలో వెళ్లి సీసా పట్రండి."

మామగారు తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, కోడలి వైపు చూడకుండా, డాక్టరమ్మతో అన్నాడు. "సీసా లేదు డాక్టరమ్మా. పొద్దున చేయి జారి పగిలింది. మందు మందే కదా అని నా సీసాలోంచి తీసి వేశాను. ఎర్ర మూతే. గీతలు రెండే."

డాక్టరమ్మ గబగబా లెక్క వేసుకుంది. "మీ మందు రెండున్నర రెట్లు చిక్కన. అంటే వాడికి రెండుకు బదులు అయిదు పడింది." గ్లూకోజు సంగతి నర్సుకు ఏదో చెప్పి, బొద్దుగాణ్ని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

చిటపటమ్మ మామగారి వైపు తిరిగింది. ఆ గదిలో బోనులో ఉన్న కుక్క కూడా మొరగడం ఆపింది.

"ఇంట్లో అడిగానే! నోరు తెరిచి చెప్పడానికి ఏమొచ్చింది? అక్కడే చెబితే ఆటో ఎక్కేలోపు ఫోను చేసేదాన్ని కదా! అంతసేపు పక్కన కూర్చుని, తేలు కుట్టిన దొంగలా..."

"అరుస్తావని."

"పిల్లి చచ్చిపోతే అరవనా?"

"చచ్చిపోతే ఒక్కసారి అరుస్తావు," అన్నాడు మామగారు నేల చూస్తూ. "సీసా పగిలిందంటే రోజూ అరుస్తావు."

ఆవిడకు ఒళ్లంతా మండింది. ఇంత చాకిరీ చేసి, ఇంత కాపలా కాసి, చివరికి తప్పు నాదా అనుకుంది. బెంచీ ఆ చివర కూర్చుని మొహం తిప్పుకుంది. ఈయన మీద ఇంకో మాట అనను, అసలు మాట్లాడనే మాట్లాడను అనుకుంది. ఆ పట్టుదల ఎంతోసేపు నిలవలేదు.

డాక్టరమ్మ తలుపు తీసి, "కళ్లు తెరిచాడు. ప్రాణానికి భయం లేదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి" అని చెప్పి వెళ్లింది. చిటపటమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఏడిచానని ఎవరైనా అంటే వాళ్ల పని చెప్పేదే.

"ఇంకేమైనా దాచారా?" అంది, మొహం తిప్పుకునే.

మామగారు కుడి కాలు బెంచీ కిందికి లాక్కున్నాడు.

"మిమ్మల్నే మామయ్యా. ఇంకేమైనా ఉందా?"

"అరుస్తావా?"

"అరుస్తాను. ముందు చెప్పండి."

ఆయన వంగి, కుడి బూటు విప్పాడు. ఈ మధ్య ఇంట్లోనూ విప్పని మేజోడు మెల్లగా లాగాడు. అది పాదానికి అతుక్కుని ఉంది. కొంచెం కొంచెంగా ఊడదీశాడు. బొటనవేలి కింద పుండు. చుట్టూ చర్మం నల్లబడింది. వాసన ఆవిడ కూర్చున్న చోటికి వచ్చింది.

"నొప్పి లేదమ్మా," అన్నాడు గబగబా. "అసలు నొప్పే లేదు. బూటు కరిచింది, అంతే. నీకు ఎలా చెప్పాలో తెలియక..."

"ఎప్పట్నుంచి?"

"బొద్దుగాడికి జబ్బని తెలియక ముందు నుంచి."

పిల్లి ఎన్ని నీళ్లు తాగిందో, ఎన్నిసార్లు తొట్టి తడిపిందో ఆవిడకు గుర్తుంది. అదే ఇంట్లో ఈ మనిషి ఎలా నడుస్తున్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేల మీద కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతులతో ఒళ్లోకి తీసుకుంది. తిట్టడానికే నోరు తెరిచింది. ఆ నోరు మూసి, పాదాన్ని వెలుగు వైపు తిప్పి చూసింది.

మామగారు కాలు వెనక్కి లాక్కోబోయి ఆగిపోయాడు. ఆవిడ మొహంలోకి వంగి చూశాడు.

"తిట్టమ్మా," అన్నాడు. "నువ్వు ఊరుకుంటే ఇంకా భయంగా ఉంది."