అక్క చేతిలో నా నాడి

మా అక్క నా మణికట్టు పట్టుకుందంటే నేను సగం మాట మీదే ఆగిపోయేవాణ్ణి. అప్పట్లో మేము పోర్ట్ బ్లెయిర్‌లో, డెలానీపూర్ ప్రభుత్వ క్వార్టర్సులో ఉండేవాళ్లం. రెండేళ్లలో శ్రీకాకుళం తిరిగి వెళ్లిపోతానంటూ ఓడ దిగి, ఇక్కడే రిటైరైన మనిషి మా నాన్న. అక్క నర్సు ట్రైనింగులో చేరిన కొత్తలో ఇంటికి రాగానే ఎవరిదో ఒకరి నాడి చూడాల్సిందే. నాన్న చెయ్యి ఇవ్వడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలదు. ఇక మిగిలింది నేను.

నేను అప్పటికే కోతల్లో చెయ్యి తిరిగినవాణ్ణి. ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్ మొసలి ఒకటి మా నాన్న ఎక్కిన లాంచీ వెనకాలే టికెట్టు లేకుండా పోర్ట్ బ్లెయిర్ దాకా వచ్చి, జెట్టీలో దిగేవాళ్ల వరసలో నిలబడిందని బడిలో చెప్పాను. కొబ్బరిపీత ఒకటి మా వంటింటి గొళ్లెం తీసుకుని లోపలికొచ్చి, కావలసింది తిని, డబ్బా మూత మళ్లీ పెట్టి వెళ్లిందని చెప్పాను. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు ఇవన్నీ నోరు తెరుచుకుని వినేవారు. అడవిలో దుంగలు లాగే ఏనుగులు దీవి నుంచి దీవికి సముద్రం ఈదుకుంటూ వెళ్లేవని చెబితే మాత్రం నవ్వేవారు. అదొక్కటే అందులో నిజం. అందువల్ల నిజం మీద నాకు చిన్నతనంలోనే గౌరవం తగ్గింది.

అక్క మాత్రం ఇవన్నీ వింటూ రెండు వేళ్లు నా మణికట్టు మీద ఆనించి కూర్చునేది. మొసలి కథ చెబుతున్నంతసేపూ నాడి తాపీగా నడిచేది. లెక్కల పేపరు ఇంకా దిద్దలేదని నాన్నతో అన్నప్పుడు మాత్రం కాళ్లు కట్టిన కోడిలా కొట్టుకునేది. అప్పుడు అక్క నెమ్మదిగా, "సచ్ బోల్‌రా," అనేది, నిజం చెప్పమని. అంతే, మార్కులు బయటికొచ్చేసేవి.

కోతకీ అబద్ధానికీ తేడా ఎక్కడుందో ఆమె అలా కనిపెట్టింది. కోతలో పట్టుబడితే నవ్వుతారు, అంతకు మించి పోయేదేమీ లేదు. అబద్ధంలో భయం ఉంది. భయం వేయగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. అది పరిగెత్తుకుంటూ పోయి గుండె తలుపు బాదుతుంది. తన పుస్తకంలో ఉన్న ఈ పాఠాన్ని ఆమె నా మీద సరిచూసుకునేది. నేను ఎన్ని రకాలుగా ఊపిరి బిగపట్టి చూసినా ఆ రెండు వేళ్లని మోసం చేయలేకపోయాను.

తర్వాత అక్క మాయాబందర్‌లో ఉద్యోగం చేసింది. అక్కడే జెట్టీకి దగ్గరలో కిరాణా కొట్టున్న మా బావని పెళ్లి చేసుకుంది. పిల్లల్లేరు. ఉద్యోగం అయిపోయాక కూడా ఆ ఇంటిని వదిలి ఎక్కడికీ కదల్లేదు. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పడవ ఇంజన్ల సామాన్ల కొట్టు పెట్టుకున్నాను. స్పార్క్ ప్లగ్గు కోసం వచ్చినవాడు ఒక కథ కూడా పట్టుకుని పోయేవాడు.

కొన్నేళ్ల కిందట నా గుండె పనీపాటా లేకుండా పరుగెత్తడం మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చుని బిల్లు రాస్తున్నవాణ్ణి ఎవరో కుక్కల్ని ఉసిగొల్పి తరుముతున్నట్టు ఉండేది. డాక్టరు పరీక్షలు చేయించి రోజూ పొద్దున్న వేసుకోమని ఒక మాత్ర రాశాడు. ఇదేం చేస్తుందని అక్కకి ఫోన్ చేశాను. డిగ్లీపూర్ బస్సు గుర్తుందా అని అడిగింది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునేవాళ్లుంటారు. ఈ మాత్ర ముందే వెళ్లి గుండెలో ఉన్న సీట్ల మీద తువ్వాలు పరిచేస్తుందట. అడ్రినలిన్ రొప్పుకుంటూ వచ్చి చూస్తే కూర్చోవడానికి చోటుండదు. అది రక్తంలోనే నిలబడి ఉంటుంది గాని, గుండెని తరమలేదు. నచ్చినా నచ్చకపోయినా ఈ మాత్రని నీ అంతట నువ్వు ఆపెయ్యొద్దని కూడా గట్టిగా చెప్పింది. ఉన్నట్టుండి తువ్వాళ్లన్నీ తీసేస్తే, బయట కాచుకున్నవాళ్లంతా ఒక్కసారే మీద పడతారట.

మాత్ర పనిచేసింది. పనిచేసి నన్ను వేరే మనిషిని చేసింది. వేళ్ల చివళ్లు చల్లబడ్డాయి. డెలానీపూర్ ఎత్తు ఎక్కుతుంటే కాళ్లు పైకి పోదామంటాయి, గుండె నాకేం తొందర అంటుంది. రంగురంగుల కలలు రావడం మొదలైంది, వాటిలో సగం మర్నాడు కొట్టులో చెప్పుకున్నాను. స్నానాలగదిలో పాము కనిపిస్తే అరవడం మానేసి, నువ్వు ముందా నేను ముందా అన్నట్టు నిలబడ్డాను. పామే మర్యాదస్తురాలు, తప్పుకుంది. ఈ ముక్క చెప్పినప్పుడు అక్క ఫోన్లో చాలాసేపు నవ్వింది.

అదే అక్క ఒక ఎండాకాలం కళ్లు పసుపుపచ్చగా, జాకెట్టు చేతులు వదులై మా ఇంటి ముందు బస్సు దిగింది. వెనకాల సంచులు మోసుకుంటూ బావ. మర్నాడు స్కానింగు చేశారు. అక్కని రక్తం తీసేచోట వరసలో కూర్చోబెట్టి, డాక్టరు బావనీ నన్నూ లోపలికి పిలిచాడు. క్లోమంలో గడ్డ ఉందన్నాడు. కాలేయానికి పాకిందన్నాడు. ఆపరేషన్‌తో అయ్యే పని కాదనీ, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందనీ చెప్పాడు. కావాలంటే చెన్నైలో ఇంకొకరికి చూపించుకోండి, అదైనా మీ తృప్తికే అన్నాడు.

బావ చెవిలో చెన్నై అన్న మాట తప్ప ఇంకేదీ పడలేదు. మెట్ల దగ్గర నా చొక్కా పట్టుకుని, చెన్నైలో కోసి తీసేస్తారు, పైసా గురించి ఆలోచించను అన్నాడు. ఆవిడకి మాత్రం తెలియకూడదన్నాడు. తెలిస్తే కదలదని ఆయన భయం. అది నాకూ తెలుసు. గొట్టాల మధ్య, భాష రాని వార్డులో పోయిన ఎందరినో అక్క తన చేతులతో సర్దింది. తనకి అలా వద్దని ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెప్పింది. ఇప్పుడు ఆ మిగిలిన నాలుగు రోజులు ఎక్కడ గడపాలో ఆమె తేల్చుకోవాలంటే ఆమెకి నిజం తెలియాలి. బావ బతకాలంటే ఆమెకి తెలియకూడదు.

"నేను చెప్తే ఏడుపొచ్చీస్తాది బామ్మర్దీ. నువ్వు చెప్పు. నీకిది కొత్తేటి?" అన్నాడు.

దెప్పిపొడుపో బతిమాలడమో తెలియలేదు. ఒప్పుకున్నాను. ఆమె నాడి పట్టుకుంటుందని నాకు తెలుసు. మాత్ర వేసుకున్నాననీ తెలుసు. ఇన్నేళ్లకి నా చేతికి ఒక ఆయుధం దొరికిందనే అనుకున్నాను.

మధ్యాహ్నం మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది అక్క. బావ మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆమె చెయ్యి చాపింది. నా చెయ్యి అందించాను. రెండు వేళ్లు వాటి చోటికి అవి వెళ్లి కూర్చున్నాయి.

పిత్తాశయం దారిలో రాయి అడ్డం పడిందని చెప్పాను. అందుకే పచ్చబడ్డావన్నాను. చెన్నైలో నోట్లోంచి సన్నటి గొట్టం పంపి ఆ రాయిని లాగేస్తారనీ, వచ్చేటప్పుడు దాన్ని సీసాలో పెట్టి ఇస్తారనీ, బావ కొట్టులో తూకానికి వాడుకోవచ్చనీ చెప్పాను. చాలా బాగా చెప్పాను. నా గుండె ఆదివారంనాటి ఆఫీసులా ఉంది.

అక్క కళ్లు మూసుకుని నాడి లెక్కపెట్టుకుంది. అచ్చా, అన్నట్టు తలూపింది. గట్టెక్కానని అనుకుంటుండగా నా అరచెయ్యి వెల్లకిలా తిప్పి, తన చీర కొంగుతో తుడిచింది. తుడిచినచోట మళ్లీ తడి ఊరింది.

"గుండెకి మాత్ర ఏసుకున్నావు. చెమటకేటి ఏసుకున్నావురా?"

నేను ఎండ అన్నాను. ఎండకి పట్టిన చెమట ఇంత చల్లగా ఉండదంది. చెమట దారి వేరట. భయం ఆ దారిలో కూడా కబురు పంపుతుంది, దానికి ఈ మాత్ర అడ్డం పడదు. గుండెనీ చేతి వణుకునీ ఆపగలదు గాని, అరచేతిని ఆపలేదు. ఇదంతా నర్సు గొంతుతో, వార్డులో కొత్త పిల్లలకి చెబుతున్నట్టు చెప్పింది. ఆ తర్వాత గొంతు మారింది.

"క్లోమమేనా?"

తలూపాను.

"లివర్‌కి ఎళ్లిందా?"

నా తల ఊగిందో లేదో నాకు తెలియలేదు. ఆమెకి తెలిసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. రోడ్డు మీద ఎవరో స్కూటీ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతుంటే ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. అది స్టార్ట్ అయ్యి వెళ్లిపోయింది.

"నాకు తెలుసని మీ బావకి తెలీకూడదు. రాయి అన్నావు కదా, రాయే అననీ," అంది అక్క. "చెన్నై మాత్రం నానెళ్లను. నా ఇంటికి నన్ను పంపీ. ఎలాగ చేస్తావో నీ పని."

అలా ఒక్క పూటలో నా ఉద్యోగం తిరగబడింది. బావ తరఫున అక్కకి అబద్ధం చెప్పడానికి వెళ్లినవాణ్ణి, అక్క తరఫున బావకి అబద్ధాలు చెప్పేవాణ్ణయ్యాను. బావ విమానం ఎక్కడు. ఆమెని పడుకోబెట్టి తీసుకెళ్లాలంటే ఓడే నయమని ఆయనే అన్నాడు. ఓడ అంటే ఇక నాకు పండగే. ఈ దీవుల్లో దేన్ని నమ్మినా నమ్మకపోయినా, ఓడ రాలేదంటే ఎందుకని అడిగేవాడు లేడు. కేబిన్లు నిండిపోయాయని, ఈ లోపల మాయాబందర్‌లో ఉండండని చెప్పి వాళ్లని బస్సెక్కించాను. తర్వాత ఇంజన్ మరమ్మతు అన్నాను. తర్వాత వానలొచ్చాయి, సముద్రం బాగాలేదన్నాను. ఒకసారి ఓడని బాగుచేయించడానికి ఊరు దాటించేశాను. ఫోన్లో నేనొక కారణం చెబితే, బావ కొట్టు ముందు కూర్చునేవాళ్లు అలాంటివే తమకి జరిగినవి రెండు చెప్పేవారు. నా జన్మలో ఏ కథా అంత సులువుగా నడవలేదు.

వీలైనప్పుడల్లా మాయాబందర్ వెళ్లేవాణ్ణి. అక్క వెనక గదిలో కిటికీ పక్కన మంచం వేయించుకుంది. నొప్పి మందు పనిచేస్తున్న గంటల్లో కథలు చెప్పమనేది. కొబ్బరిపీత వంశమంతా మళ్లీ మా వంటింట్లోకి వచ్చి వెళ్లింది. పొట్ట పట్టుకుని నవ్వేది, నవ్వితే నొప్పి, వద్దని నేను ఆపితే కోపం.

ఒకరోజు బావ కొట్టులో ఉండగా నీ మాత్రల అట్ట ఏదీ అని అడిగింది. జేబులోంచి తీసిచ్చాను. వేలితో ఒక్కో మాత్రనీ తడుముతూ కూర్చుంది.

"మీ బావ నా గుండెల మీద చెయ్యేసి పడుకుంటాడు. ఇది కొట్టుకోడం ఆయనకి తెలిసిపోతాదేమోనని భయమేస్తోందిరా," అంది. కాసేపటికి మళ్లీ అంది: "నోరెండిపోతాది. కడుపు పని మానేస్తాది. రక్తమంతా కాళ్లకి పోతాది, పరిగెత్తమని. ఎక్కడికి పరిగెత్తమంటాదో."

వేసుకోమనడానికి నోరు రాలేదు. ఆమే అట్ట నా జేబులో పెట్టేసింది. ఇప్పటికే పడిపోయిన తన బీపీకి ఇదొకటి తోడైతే రాయి సంగతి ఈ మధ్యాహ్నమే తేలిపోతుందంది. అది జోకు. నేను నవ్వాలని చూస్తోందని తెలిసి నవ్వాను.

వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోకముందే, పొద్దున్న, బావ గంజి తెచ్చేలోపల అక్క పోయింది. తన ఇంట్లో, తన కిటికీ పక్కన. ఆమె అడిగింది అదొక్కటే, అది జరిగింది. నేను వెళ్లేసరికి గడ్డం కిందినుంచి గుడ్డ కట్టేసి ఉంది. ఇంతకాలం నా కళ్లలో కళ్లు పెట్టి చూసిన మనిషి కళ్లు మూసుకుని ఉంటే, ఆ గదిలో నన్ను తెలిసినవాళ్లు ఎవరూ లేనట్టనిపించింది. ఏడుపు వచ్చింది. గుండె మాత్రం దాని నడక అది నడిచింది. పక్కన నిలబడ్డవాళ్ల గుండెలు అదిరిపోతున్నాయి, నాది అదరలేదు. ఆ మాత్ర మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కరోజే.

పెద్దకర్మ అయ్యాక కూడా రెండు రోజులు ఉన్నాను. బావ కనిపించినవాళ్లందరితో ఓడ గురించే మాట్లాడాడు. వేసవిలోనే ఓడ కదిలుంటే తన భార్య బతికేదన్నాడు. పాలవాడితో అన్నాడు, జెట్టీలో కూలీలతో అన్నాడు. వాళ్లు అవును సేట్ అన్నారు. ఓడవాళ్లని తిట్టాడు. ఆ తిట్లన్నీ నావి. నేను కల్పించిన ఓడ, నేను కల్పించిన మరమ్మతు. అలా కాదు బావా అని ఒక్క మాటంటే ఆయన కోపం చల్లారేది. కాని ఆ మాట వెనకాలే అక్క చెప్పొద్దన్నదంతా బయటికి వచ్చేస్తుంది. నోరు మూసుకున్నాను.

నేను బయల్దేరే పొద్దున ఆయన కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటిదాకా కొట్టు తీయలేదు. పక్కన చోటు చూపించాడు. కూర్చున్నాను.

"నిజం చెప్పు. ఆవిడకి తెలిసిపోలేదు కదా?"

"లేదు బావా. ఆఖరి దాకా రాయే అనుకుంది. సీసాలో పెట్టిస్తారా అని నన్నడిగింది కూడాను."

బావ రోడ్డు వంక చూశాడు. ఆయన భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి.

"బాగా చెప్పావు బామ్మర్దీ," అన్నాడు. "నా వల్ల అయ్యుండేది కాదు."

ఎవరో ఉప్పు కావాలంటూ వచ్చి నిలబడ్డారు. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, కొట్టు షట్టరు ఎత్తాడు.