అడగకుండా లేచే కంప్యూటర్

ఇంట్లో పాటలూ ఫొటోలూ అన్నీ ఒకేచోట ఉండాలని పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చాను. విండోస్ వేయాలా, లైనక్స్ వేయాలా అని వారం రోజులుగా తేలడం లేదు. మా ములకలపల్లిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, అందుకని కరెంటు రాగానే ఎవరినీ అడగకుండా లేచి, తనే ఆడియో వినిపించేలా ముందు లైనక్స్ పెట్టి చూశాను.

ఈ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. నేను పెరట్లోంచి వచ్చేసరికి అమ్మ స్పీకర్ వైపే చూస్తూ కదలకుండా కూర్చుంది. నిరుడు పోయిన నాన్న గొంతు అప్పట్లో సెల్లులో రికార్డు చేసి, ఈ మధ్యే సర్వర్‌లోకి ఎక్కించాను, అది మోగినట్టుంది.

"భయపడ్డవా అమ్మా?"

"భయమేంది? మీ నాయిన 'పద్మా' అని రెండుసార్లు పిలిచిండు. పొద్దుగూకినంక మూడోసారి పిలిస్తేనే పలకాలె గదా, అందుకే ఆగిన."

నవ్వుకుంటూ వెళ్లి ఆ రికార్డును చివరిదాకా విన్నాను. అందులో నాన్న పిలిచింది ఒక్కసారే.

పాస్‌వర్డ్ ఇవ్వందే ముందుకు కదలని విండోస్ వేసేద్దామంటే, "ఇయ్యాల్టికి దాన్ని బంద్ చెయ్యకు బిడ్డా" అంటోంది అమ్మ. మీరైతే ఏది వేస్తారు? కాస్త త్వరగా చెప్పండి. లైటు మిణుకుమంటోంది, కరెంటు మళ్లీ పోయేలా ఉంది.