ముద్రల బాబాయి పట్టిన దొంగసరుకు

అడవిశాఖ చెక్‌పోస్టులో కాపలా కాసే ముద్రల బాబాయికి సర్కారు ముద్ర లేని కర్ర కనబడితే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. ప్రతి దుంగ చివరా వేలితో తడిమి, ముక్కుతో వాసన చూసి మరీ వదులుతాడు. పెళ్లిచూపుల్లో తనకు వేసిన కుర్చీని బోర్లించి ముద్ర వెతికాడట. నమ్మనివాళ్లు ఆ కుర్చీనే అడగవచ్చు.

నిన్న కోతమిల్లు ఆవిడ లారీలో ఒక దుంగకు ముద్ర చెరిగిపోయింది. పొద్దు వాలితే పర్మిట్టు చెల్లదు, సరుకంతా జప్తే.

"మొత్తం దింపించు అమ్మాయ్!" అన్నాడు బాబాయి.

"దింపిస్తాలే బాబాయ్. ముందు నీ గేటు కర్రకి ముద్రెక్కడుందో చూపించు."

బాబాయి కర్రను ఆ చివరా ఈ చివరా తడిమాడు. ముఖం నల్లబడి, మరుక్షణమే వెలిగిపోయింది. తన కొలువంతటిలో ఇంత పెద్ద దొంగసరుకు ఇంత దగ్గరగా ఎన్నడూ దొరకలేదు! గేటు కర్రను ఊడబీకి, భుజాన వేసుకుని, గంతులేస్తూ గదిలో పడేసి తాళం బిగించాడు. బయటికొచ్చేసరికి అడ్డులేని దారిలో లారీ దూసుకుపోతోంది.

"వస్తా బాబాయ్!" అని ఆవిడ చెయ్యూపింది.

బాబాయీ ఉత్సాహంగా ఊపాడు. "చూశావుగా అమ్మాయ్! సర్కారు కర్రయినా సరే, నా చేతిలోంచి తప్పించుకోలేదు!"