బీరువాలో నా సర్టిఫికెట్లు

నాకు ముక్కు మీదే కోపం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు మా అవ్వ ఈ సంగతి ముందే చెప్పేసింది, తర్వాత మాట రాకూడదని. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు. తగ్గాక రాద్దామని ఏడాది ఆగి చూశాను, లాభం లేకపోయింది.

మంచిర్యాల దగ్గర బొగ్గుగని కాలనీలో పుట్టి, ఇంటర్ తర్వాత జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చదివి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరాను. చేరిన రోజే డాక్టరుగారి భార్య నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒక పాస్‌పోర్టు ఫోటో తీసుకుంది. పదో తరగతి మెమో మొదలుకుని నర్సు రిజిస్ట్రేషన్ దాకా అన్నీ ఒక ఫైలులో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆసుపత్రిలో పెత్తనమంతా ఆమెదే. అందరం మేడం అనేవాళ్ళం. "ఇక్కడైతే భద్రంగా ఉంటాయి సిస్టర్," అంది. మా ఇంట్లో ఉంటే ఎలకలు కొడతాయన్నట్టు! పశువును గుంజకు కట్టడానికి పలుపు కావాలి, నర్సును కట్టడానికి పదో తరగతి మెమో చాలు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, నోరెత్తలేదు.

పదకొండేళ్ళు అక్కడే చేశాను. ఎవరికి ఏ డ్యూటీ అని పట్టిక వేసేది నేను. మందుల అల్మారా తాళం నా దగ్గర. వెంటిలేటర్ మొరాయిస్తే కంపెనీవాడి మీద అరిచేది నేను. మనిషి పోయాక బంధువులు ఐసీయూ తలుపు తంతే ముందుకెళ్ళి నిలబడేదీ నేనే. ఇదంతా ఇన్‌చార్జి చేయాల్సిన పని. నా పేరు మాత్రం స్టాఫ్ నర్సు. ఒకసారి బీఎస్సీ చదివిన అమ్మాయిని తీసుకొచ్చి, ఈమె మీ ఇన్‌చార్జి అన్నారు. ఆ పిల్లకు నరం దొరకబుచ్చుకుని సూది ఎక్కించడం నేర్పింది నేను. పిల్ల మంచిది, ప్రతిదీ నన్ను అడిగే చేసేది. నాలుగు నెలలకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఇప్పుడైనా ఆ పేరు నాకివ్వండని మేడం దగ్గరికి వెళ్ళాను.

"నీకు డిగ్రీ లేదుగా సిస్టర్," అంది ఫోన్లోంచి కళ్ళు తీయకుండా. "పని మాత్రం నువ్వే చూసుకో."

ఆ రోజు దుప్పట్ల అల్మారా తలుపు ఎంత గట్టిగా వేశానో, దాని పిడి ఊడి చేతికొచ్చింది. ఇంటికెళ్ళి మా ఆయనతో డిగ్రీ చదువుతానన్నాను. ఆయన పెద్దపల్లిలో రైస్‌మిల్లు గుమస్తా, నెమ్మదైన మనిషి.

"ఇంకా సదువుడా? ఉన్న సదువుకే నన్ను గింత తిడ్తున్నవ్," అన్నాడు. కానీ ఆ పూటే నా ఫోను తీసుకుని, పనిచేస్తున్న నర్సులకు ఆన్‌లైన్ డిగ్రీ ఎక్కడుందో వెతకడానికి కూర్చున్నాడు. అదే మేం చేసిన తప్పు. ఒకచోట నంబరు ఇచ్చామో లేదో, మర్నాటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అందరివీ తేనె పూసిన గొంతులే.

"క్లాసులకు రావక్కర్లేదు మేడం. పరీక్ష కూడా ఇంట్లోంచే," అన్నాడు మొదటివాడు.

"ప్రాక్టికల్స్?"

"అవి మేం చూసుకుంటాం మేడం."

"మీరెట్ల చూసుకుంటరు? కాన్పులు మీరు చేస్తరా?" అన్నాను. పెట్టేశాడు.

ఇంకొకామె తమది అంతర్జాతీయ గుర్తింపు అంది. "ఆదిలాబాద్‌ల చెల్లుతదా?" అని అడిగితే, సీనియర్ సార్‌తో మాట్లాడించి చెప్తానంది. ఆ సీనియర్ సార్ ఈనాటికీ మాట్లాడలేదు. మూడోవాడు ఏకంగా డిగ్రీ పట్టా ఫోటోనే పంపాడు, పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి. "ఇదే వస్తుంది మేడం, పద్దెనిమిది నెలల్లో." ఆ ఖాళీని చూస్తే ఒళ్ళు మండిపోయింది. రేపు అందులో ఎవరి పేరు రాస్తారో, ఆ చేతి కింద ఎవరి ప్రాణం ఉంటుందో వాడికేం పట్టింది?

చివరికి సరైన దారి చూపించింది బెంగళూరు వెళ్ళిన ఆ పిల్లే. పాఠాలు ఆన్‌లైన్‌లో, ప్రాక్టికల్స్ గుర్తింపు ఉన్న పెద్దాసుపత్రిలో, పరీక్ష హాల్లో కూర్చుని రాయాలి. డిగ్రీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉంది. నేను కూడా విచారించుకున్నాను, నిజమే.

"కష్టమక్కా. రెండేండ్లు నీ సెలవులన్నీ దానికే పోతయి," అంది. "గని ఆ డిగ్రీని ఎవ్వలు కాదనరు."

నాకు కావలసింది అదే. ఐసీయూలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు పొగరు. కానీ ఆ గది దాటితే నాకు తెలియనివి బోలెడు. పసిపిల్లకు మందు మోతాదు లెక్కగట్టమంటే తడుముకుంటాను. మతి చెదిరిన మనిషి ఎదురైతే ఏం మాట్లాడాలో తోచదు. కాగితం ఒక్కటే కావాలంటే ఆ మూడోవాడి ఖాళీలో నా పేరు రాయించుకునేదాన్ని. దరఖాస్తు పెట్టాను, ఎంపిక జాబితాలో పేరొచ్చింది. ఇక ఒకటే మిగిలింది. మూడు వారాల్లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకెళ్ళి చూపించాలి. గడువు దాటితే సీటు పోతుంది.

మేడంను అడిగాను.

"ఒరిజినల్స్ ఎందుకు? మానేస్తున్నావా?"

"సదువుకుంట మేడం. చూపిచ్చి మళ్ళ తెచ్చిస్త."

"దానికి అంత దూరం తిరగడం ఎందుకు? మాకు తెలిసిన కాలేజీ ఉంది. ఫీజు మేమే కడతాం. ఐదేళ్ళు ఇక్కడే ఉంటానని సంతకం పెట్టు. నువ్వు కదలక్కర్లేదు, డిగ్రీ నడుచుకుంటూ వస్తుంది."

"ప్రాక్టికల్స్ మేడం?"

"రోజూ చేస్తున్నదేగా?"

ఆ మాట గుచ్చుకుంది. పదకొండేళ్ళుగా నా పనిని పనిగా లెక్కపెట్టనిది, ఇప్పుడు దొంగ డిగ్రీ దగ్గరికొచ్చేసరికి లెక్కపెట్టింది. వద్దన్నాను. మళ్ళీ అడిగితే తాళం డాక్టరుగారి దగ్గరుందంది. సార్‌ను అడిగితే మేడం దగ్గరుందన్నాడు. మా ఐసీయూలోనే పనిచేసే నాకంటే చిన్న నర్సు ఆ ఐదేళ్ళ కాగితం మీద సంతకం పెట్టేసింది. "నాకైతే ఏ ఫికర్ లేదక్కా," అంటే తిట్టిపోశాను. ఏడ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు, తాగుబోతు మొగుడు, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆమె మీద అరిచినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

గడువు శనివారం. ఆ గురువారం ఆసుపత్రికి తనిఖీ వచ్చింది. మంచి ఆసుపత్రి అని ముద్ర వేసే వాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తారు. నాలుగు రోజుల ముందు నుంచీ హడావిడి. కొత్త కర్టెన్లు, కొత్త చెత్త డబ్బాలు, ఏ రంగు డబ్బాలో ఏ చెత్త వేయాలో మాతో బట్టీ పట్టించారు. తనిఖీకి ఒక పద్ధతి ఉంది. మీటింగ్ హాల్లో పొడుగాటి బల్ల వేసి, నర్సులందరి ఒరిజినల్స్ ఫైళ్ళు దాని మీద పరుస్తారు. ఎవరి ఫైలు వెనక వాళ్ళు ఉతికిన తెల్ల యూనిఫాంలో నిలబడాలి. బీరువాలోంచి మా సర్టిఫికెట్లు బయటికొచ్చి గాలి పీల్చేది ఆ ఒక్క రోజే.

నా ఫైలు ముందుకు లాక్కున్నాను. తనిఖీవాళ్ళు ఇంకా బల్ల అవతలి చివర ఉన్నారు. నెమ్మదిగా తెరిచాను. పదో తరగతి మెమో ఉంది, డిప్లొమా ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. వాటి వెనక నేనెప్పుడూ చూడని కాగితం ఒకటి ఉంది. ఏదో రాష్ట్రంలోని ఏదో కాలేజీ పేరు, మెరిసే ముద్ర, మధ్యలో నా పేరు, ఇంటిపేరుతో సహా. బీఎస్సీ నర్సింగ్, ఫస్ట్ క్లాస్. అది ఇచ్చిన తేదీ చూస్తే, నీకు డిగ్రీ లేదుగా సిస్టర్ అని మేడం నాతో అన్న తర్వాతి నెల. పక్కనే ఐసీయూ ఇన్‌చార్జిగా నన్ను వేసినట్టు ఉత్తర్వు. దాని కింద నా సంతకం. నా సంతకం కింద నేను గీత పెట్టను. దానికి గీత ఉంది.

రెండోసారి చదివితే సంగతి తెలిసింది. ఐసీయూకు బీఎస్సీ ఇన్‌చార్జి లేకపోతే ముద్ర పడదు. అందుకని నా సర్టిఫికెట్లు, నా ఫోటో తీసుకుని నన్ను చదివించేశారు, పాస్ చేయించేశారు, పదవి కూడా ఇచ్చేశారు. నాకొక్క మాట చెప్పకుండా.

తనిఖీకి వచ్చిన పెద్దాయన నా ముందు ఆగాడు. ఫైలు తిప్పాడు. "బీఎస్సీ. ఐసీయూ ఇన్‌చార్జి మీరేనా సిస్టర్?"

ఆయన వెనక మేడం నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. పదకొండేళ్ళలో నన్ను చూసి ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి. అవునంటే చాలు, ఆ పేరు నాదే. ఆ క్షణం నాకు ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. పుట్టింది. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"నాది డిప్లొమా సార్," అన్నాను. "నేను బీఎస్సీ సదవలే. ఆ కాగితం నాది కాదు, కింద సంతకం గూడ నాది కాదు. ఇన్‌చార్జి పని చేస్తున్న గని ఆ పేరు నాకెవ్వలియ్యలే."

ఇప్పుడు పిడుగు పడుతుందనుకున్నాను.

"ఏదో పొరపాటు సార్," అంది మేడం. "వేరే సిస్టర్‌ది ఇందులో కలిసింది."

"నా పేరే ఉంది గద సార్ దాని మీద," అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏదో రెండు ముక్కలు రాసుకున్నాడు. "సరిచేసి పంపండి," అని మేడంతో చెప్పి పక్క ఫైలు తెరిచాడు. టీలు వచ్చాయి. బిస్కెట్లు కూడా వచ్చాయి.

అక్కడ అర్థమైంది, నా తరఫున కోప్పడేవాళ్ళు ఎవరూ లేరని. దొంగ డిగ్రీ, దొంగ ఉత్తర్వు తీసి బల్ల మీద పెట్టాను. మిగిలినవి ఫైలుతో సహా చంకలో పెట్టుకుని నడిచాను. మేడం నా వెనకే మెట్ల దాకా వచ్చింది. లోపల అతిథులున్నారు కాబట్టి గొంతు పెంచలేదు.

"ఫైలు ఇచ్చి వెళ్ళు సిస్టర్. లేకపోతే అనుభవం సర్టిఫికెట్ ఇవ్వను. ఎక్కడికెళ్ళినా కొత్తదానివే."

"ఇవి నావి మేడం. మీరు చేయించినవి బల్ల మీద ఉన్నయి, తీసుకోండ్రి."

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. "మంచిగ జేసినవ్," అన్నాడు మా ఆయన. శనివారం మిల్లుకు సెలవు పెట్టి, ఫైలు తన ఒళ్ళో పెట్టుకుని బస్సులో నా పక్కన కూర్చున్నాడు. సీటు దక్కింది. ఉద్యోగం మాత్రం పోయింది. మేడం అన్నంత పనీ చేసింది. మంచిర్యాలలో ఒక డయాలసిస్ సెంటర్‌లో, నిన్నగాక మొన్న చదువైన పిల్లలతో పాటు కొత్తదాన్నని చేరాను. తనిఖీవాళ్ళ ఆఫీసుకు జరిగిందంతా రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. ముట్టినట్టు కార్డు వచ్చింది. కార్డు ఒక్కటే వచ్చింది.

ప్రాక్టికల్స్ కరీంనగర్‌లోనే పడ్డాయి, పసిపిల్లల వార్డులో. మొదటి వారంలోనే పాత ఆసుపత్రిలోని ఆ చిన్న నర్సు ఫోన్ చేసింది. నేను తిట్టిన తర్వాత ఆమె మాట్లాడటం అదే మొదలు.

"అక్కా, ఆసుపత్రికి ముద్ర వచ్చింది. ముందట స్టాఫ్ బోర్డు పెట్టిన్రు," అంది. "జర వచ్చి చూస్తవా? నాకు చెప్పస్తలేదు."

మర్నాడు ప్రాక్టికల్స్ అయ్యాక వెళ్ళాను. దుమ్ముకు చున్నీ ముఖానికి చుట్టుకుని ఉన్నాను. లోపలికి వెళ్ళగానే ఎదురుగా పెద్ద బోర్డు, గాజు పలక వెనక ఫోటోలు. డాక్టర్ల వరస కింద రెండోది నాదే. చేరిన రోజు ఇచ్చిన ఫోటో, రెండు జడలతో. కింద నా పేరు, దాని పక్కన బీఎస్సీ నర్సింగ్, కింది వరసలో ఐసీయూ ఇన్‌చార్జి. నేను ఇంకా పసిపిల్లల మందుల లెక్క నేర్చుకుంటూ, తప్పు చేసి పాఠాలు చెప్పే మేడమ్‌లతో చీవాట్లు తింటున్నాను. ఇక్కడ ఈమె ఎప్పుడో పాసై, నా పదవిలో కూర్చుని ఉంది.

బోర్డు పక్కన కుర్చీలో వాచ్‌మన్ ఉన్నాడు. కొత్త మనిషి, నన్నెరగడు.

"అన్నా, గీ ఐసీయూ ఇన్‌చార్జి సిస్టర్ ఉన్నదా?" అని అడిగాను వేలు పెట్టి చూపించి.

ఆయన తల తిప్పి ఫోటో చూశాడు.

"ఉన్నదమ్మా. లోపట డ్యూటీల ఉన్నది. గిట్ల కూసోండ్రి, పిలుస్త."

నేను చున్నీ విప్పి, ఆ ఫోటో పక్కన నిలబడ్డాను.