అత్త తల మీద ఆనని చెయ్యి

మా చిన్నప్పుడు... నెల మొదటి ఆదివారం వచ్చిందంటే మా పాస్టరయ్యగారి అరచెయ్యి నూనెతో నిగనిగలాడేది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచడం అయ్యాక కష్టమున్నవాళ్ళంతా ముందుకెళ్ళి వరసగా మోకరించేవారు. ఆయన ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఆముదం తలలు కొన్ని, కొబ్బరినూనె తలలు కొన్ని... ఆ నూనంతా ఆయన చేతికి అంటుకుని, వరస చివరనున్న మా పిల్లల నెత్తి మీదికి వచ్చేది.

మాకేం కష్టాలుంటాయి? ఆ చేతి బరువు కోసం వెళ్ళేవాళ్ళం. వరిమడిలో పనిచేసిన చెయ్యి... తల మీద ఆనగానే నిద్ర ముంచుకొచ్చేంత హాయి.

అరవైల చివర్లో మా నాన్న చెల్లెలు మార్తత్త ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది. అత్తకి పెద్దరోగం... అంటే కుష్ఠు. నాలుగేళ్ళు అక్కడే ఉంది. రోగం పోయిందనీ, ఇక ఎవరికీ అంటదనీ డాక్టరు రాసిచ్చిన కాగితం జాకెట్లో దాచుకుని గజపతినగరంలో బస్సు దిగింది. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకుపోయాయి, అంతే.

ఆ కాగితం మా నాన్న రెండుసార్లు చదివాడు. చదివి, అత్తకి వేరే కంచం, వేరే చాప, పెరట్లో వేరే పాక ఏర్పాటు చేశాడు. ఇంక చదవడం ఎందుకు?

అత్త మాత్రం మొదటి ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టుకుంది. ఆ పొద్దున్న తలస్నానం చేసి మా అమ్మ దగ్గరికొచ్చింది.

"ఒదినా, కూసింత నూనె ఎయ్యవా... అయ్యగారు సెయ్యెడతారు కదా. నా నెత్తి మీద సెయ్యి పడి నాలుగేళ్ళయిపోనాది."

అమ్మ గిన్నె పైకెత్తి, ఎత్తు నుంచే అత్త దోసిట్లోకి వంచింది.

ఆవేళ అయ్యగారి ప్రసంగం దేని మీదనుకున్నారు? యేసుప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్న సంగతి! ఒక్క మాటతో బాగుచెయ్యగలిగినవాడు ముట్టుకునే ఎందుకు బాగుచేశాడో అరగంట చెప్పారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అత్తయితే వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత వరస... అత్త పక్కన నేను తప్ప ఎవరూ మోకరించలేదు. ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూసే దొంగబుద్ధి నాకు. చూశాను. అయ్యగారి చెయ్యి అత్త తల మీదికి వచ్చి, బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది. ప్రార్థన మాత్రం అందరికన్నా పొడుగ్గా చేశారు. అందుతుందేమోనని అత్త తల కొంచెం పైకెత్తింది... చెయ్యి ఇంకాస్త పైకి పోయింది.

ఆమెన్ అనగానే అదే చెయ్యి నా తల మీద పడింది. ఊళ్ళోవాళ్ళందరి నూనె ఉంది అందులో, మా అత్తది తప్ప.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. అయ్యుంటే నాలుగు తిట్టి ఊరుకుందును... రాత్రీపగలూ ఎవరికే కష్టమొచ్చినా పరిగెత్తే మనిషి!

ఇంటికొచ్చాక అత్త పాక ముందు కూర్చుని నన్ను పిలిచింది.

"ఒలే ఏస్తరూ, నువ్వూ సూసినావు కదే?"

నేను తలూపాను.

"దేవుడు నన్ను ముట్టుకున్నాడే. ఆ సంగతి ఆసుపత్రిలోనే తెలిసినాది నాకు. మరి మనుసులకేటయింది? నువ్వెట్టవే సెయ్యి. పార్థన రాకపోతే మానీ... సెయ్యెట్టు, సాలు."

తల వంచింది. నేను చెయ్యి చాపాను. ఇంతలో లోపల్నుంచి అమ్మ, "ఒసే, అక్కడేటి సేస్తన్నావే? ఇలా రా!" అని కేకేసింది.

నా చెయ్యీ బెత్తెడు ఎత్తులోనే ఆగిపోయింది. పదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు అంటారు మీరు. అన్నీ తెలుసు. "వస్తన్నానమ్మా" అని పరిగెత్తాను.

అత్త మళ్ళీ ఆ వరసలోకి రాలేదు. రెండు నెలలకి ఆ ఆసుపత్రికే తిరిగి వెళ్ళిపోయింది, రోగుల పుళ్ళు కడిగే పనికి. "అక్కడ ముట్టుకునేవోళ్ళున్నారన్నా" అని మా నాన్నతో చెప్పి బస్సెక్కింది.

ఇప్పుడు ప్రార్థన ఫోన్లోకి వచ్చేసింది. తెర మీద చెయ్యి పెట్టండి అంటాడు ప్రసంగీకుడు. మా కోడలు భక్తిగా పెడుతుంది. నేనూ ఒకసారి పెట్టాను... చల్లటి గాజు. బరువూ లేదు, నూనె జిడ్డూ లేదు. విసుగొచ్చి తీసేశాను.

మీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించిందెవరో రాయండి... చదువుతాను. ధైర్యముంటే, మీరు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్న తల ఎవరిదో కూడా రాయండి. నాది నేను చెప్పేశాను.